ఆమె కొలతకు కుట్టిన కారు

వీరేష్ ప్రాణం పోయిందని కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి సీఐ బజారి చేతిలో టీ గ్లాసు ఉంది. అతను దాన్ని కింద పెట్టలేదు. ఫోను చెవికి ఆనించుకునే చివరి గుక్క తాగి, రైటరు వైపు తిరిగాడు.

"సెక్షను మార్చప్పా. ఇంగ యాక్సిడెంటు కాదు, మర్డరు."

గోడ పక్క బెంచీ మీద కూర్చున్న డాక్టర్ ప్రేమలత తలెత్తలేదు. నాలుగడుగుల ఎత్తు దాటని మనిషి. ఎమ్మిగనూరులో పళ్ళ డాక్టరు. రోగి నోట్లో చూడాలంటే స్టూలు ఎక్కి నిలబడుతుంది. ఆ బెంచీ మీద ఆమె కాళ్ళు నేలకు అందక గాలిలో వేలాడుతున్నాయి. మర్డరన్న మాట వినగానే ఆ రెండు పాదాలూ ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి. అంతే.

ఆ పాదాల కదలికను హులిగమ్మ గుమ్మం దగ్గర నుంచి చూసింది.

హులిగమ్మ ఒకప్పుడు ఇదే ఆదోని స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. ఉద్యోగం వదిలేసి ఇప్పుడు ఊళ్ళోనే ఒక గది అద్దెకు తీసుకుని లాయర్ల కోసం కేసుల లోతు తవ్వుతోంది. ప్రేమలత లాయరు పొద్దున్నే ఫోను చేసి ఒకే మాట చెప్పాడు. ఆ అమ్మ తనను తాను కాపాడుకోవడానికి నోరు విప్పడం లేదు, నువ్వైనా విప్పించు అని. మధ్యాహ్నం మెజిస్ట్రేటు ముందు పెడతారు. మర్డరు కేసులో రిమాండుకు పోతే బెయిలు మాట దేవుడెరుగు.

బజారి హులిగమ్మను అప్పుడే చూసినట్టు నవ్వాడు. అతను కొత్తగా ఎస్సైగా వచ్చినప్పుడు పంచనామా రాయడం నేర్పింది ఆమే. ఆ సంగతి అతను మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే అక్కసు.

"ఏమక్కా, దసరా మరునాడు గూడా ఇంట్లో ఉండబుద్ధి కాలేదా? అవున్లే, ఇంట్లో ఎవురుండారు నీకు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. నిన్న పండగకు హులిగమ్మ ఒక్కదాని కోసం రెండు భక్ష్యాలు చేసుకుని, ఒకటి తిని, ఒకటి పొద్దున పారేసి వచ్చింది. ఆమె ఆ సంగతి ముఖంలో కనపడనివ్వలేదు.

"నువ్వు రాత్రంతా దేవరగట్టు బందోబస్తులో ఉంటివి. కండ్లు ఎర్రగా ఉండాయి. కునుకు లేని కండ్లతో మర్డరు కేసు కట్టొద్దు బజారీ, సరిగ్గా కనపడదు."

"ఈ కేసుకు కండ్లతో పనేముందక్కా. గుడ్డోడు తడిమినా తెలుస్తుంది" అని బజారి వేళ్ళు మడిచాడు.

నిన్న సాయంత్రం పొద్దు గూకే వేళ. ఈ చుట్టుపక్కల జనమంతా కర్రల సమరానికి దేవరగట్టుకు పోయారు. పోలీసులూ అక్కడే. ఎమ్మిగనూరు నుంచి ఆదోని వచ్చే రోడ్డు మలుపులో వీరేష్ బైకుకు స్టాండు వేసి పక్కన నిలబడి ఉన్నాడు. ఎర్రటి చిన్న కారొకటి వచ్చి అతన్ని గుద్ది, ఆగి, వెనక్కి తిరిగి పోయింది. గొర్రెల కాపరి ఒకడు దూరం నుంచి చూశాడు. బండిని చూశాడు గానీ తోలేవాళ్ళను చూడలేదు. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు ఈ సీమలో ఒక్కటే ఉంది. పొద్దున పోయి చూస్తే ఎమ్మిగనూరులో డాక్టరమ్మ క్లినిక్కుకు ఎదురుగా, పాత నేతగాడు రామన్న మగ్గాల కొట్టంలో, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఎడమ లైటు పగిలి, దాని కింద నెత్తురు.

"ఇంగ అసలు మాట విను. ఆ కారు డాక్టరమ్మ కొలతకు మార్చినారు. నేను కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు తగులుకునె. మా లేడీ కానిస్టేబులును కూర్చోబెడితే ఆ యమ్మకూ అంతే. పెడళ్ళ మీద ఇంతింత లావు చెక్కలు, కింద పలక. ఒంటికి కుట్టిన రవిక మాదిరి ఉందిలే. ఇంగొకరికి పట్టదు."

కారణం కూడా అతని దగ్గర సిద్ధంగా ఉంది. ప్రేమలత స్టూలు వేసుకుని ఆ కారులోకి ఎక్కడం, ఎక్కాక తాడుతో స్టూలును లోపలికి లాక్కోవడం ఎవరో వీడియో తీశారు. సెల్‌ఫోన్ల కొట్టు నడిపే వీరేష్ దాన్ని ఊళ్ళో గ్రూపులన్నిటికీ పంపాడు. ఊరు ఊరంతా నవ్వింది. డాక్టరమ్మ కంప్లయింటు ఇచ్చింది. బజారి వీరేష్‌ను పిలిపించి, తీసింది నేను కాదు సార్ నాకు పంపినారు అని వాడంటే, పంపినోళ్ళ పేరు పండగ కాంగానే వచ్చి చెప్పిపో అని గడువిచ్చి పంపాడు. ఈలోపే వాడు పోయాడు.

"పగ" అని ముగించాడు బజారి. "పగుంది, బండుంది, ఆ బండి పట్టే మనిషి ఒక్కతే ఉంది."

హులిగమ్మ వాదించలేదు. ముద్దాయితో మాట్లాడతానంది. అతను చెయ్యూపాడు, గోడతో మాట్లాడుకో పో అన్నట్టు.

బెంచీ మీద ప్రేమలత పక్కన కూర్చుంటే హులిగమ్మ కాళ్ళు నేలకు ఆనాయి. ఎందుకో సిగ్గనిపించి ఆమె వాటిని బెంచీ కిందికి లాక్కుంది. నిన్న సాయంత్రం ఎక్కడున్నావని అడిగింది. క్లినిక్కు వెనక గదిలో, తలుపేసుకుని, ఒక్కదాన్నే. కారు శబ్దం వినలేదా అంటే, వీధిలో డప్పులు. చూసినవాళ్ళు? పండగ నాడు తనను చూడ్డానికి ఎవరొస్తారని ప్రేమలత ఎదురడిగింది. ఆ గొంతులో ఫిర్యాదు కూడా లేదు. సి.బెళగల్‌లో కూలి చేసుకునే ఏసన్న కూతురు. నాయన పోయాక ఆ ఊరికి పోవడం కూడా మానుకుంది.

"కారు నువ్వు తోలినావా?"

"లేదు."

"ఎవరు తోలినారో తెలుసా?"

ప్రేమలత తల గోడ వైపు తిప్పుకుంది.

"రెండో తాళం ఎవరి దగ్గరుంది?"

"గుర్తులేదు."

హులిగమ్మ ఆమె చేతుల వైపు చూసింది. ఒక్కో పంటి వేరూ ఎటు వంకరపోయిందో గుర్తుపెట్టుకునే చేతులు. ఈ మనిషికి తాళం గుర్తులేదట.

"రెండో సీట్లో ఎవరు కూర్చుంటారు తల్లీ?"

ఈసారి ప్రేమలత కండ్లు తడి అయ్యాయి. ఆమె వేరే సంగతి చెప్పింది.

"పుట్టినప్పటి నుంచి నాకు అన్నీ పెద్దవేనక్కా. కుర్చీ, బస్సు మెట్టు, బ్యాంకు కౌంటరు. తలుపు గడియ కూడా. దేవుడు లోకాన్నంతా వేరేవాళ్ళ కొలతకు చేసినాడు. నా కొలతకు ఉండేది ఆ కారొక్కటే. ఇప్పుడు అదే నా మీద సాక్ష్యం చెప్తాంది."

అప్పుడే టిఫిన్ క్యారియరు పట్టుకుని ఒక పిల్ల లోపలికి వచ్చింది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. ఎర్రబడిన కండ్లు, నుదుట పండగ బొట్టు. పల్లవి, క్లినిక్కులో డాక్టరమ్మకు చేదోడు, రామన్న కూతురు అని సెంట్రీ చెప్పాడు. పల్లవి ఎవరినీ పలకరించలేదు. మూలనున్న అట్టపెట్టె ఒకటి తెచ్చి బోర్లించి, ప్రేమలత పాదాలను రెండు చేతులతో ఎత్తి దాని మీద పెట్టింది. ఈ స్టేషన్లో పొద్దుటి నుంచి ఇంతమంది ఉన్నారు. ఆ కాళ్ళు వేలాడుతున్నాయని ఎవరికీ తోచలేదు. హులిగమ్మకూ తోచలేదు.

"రెండు ముద్దలు తినక్కా" అంది పల్లవి. తర్వాత హులిగమ్మ వైపు తిరిగి కొంగుతో కండ్లు ఒత్తుకుంది. "ఏం సెప్పేది మేడమ్. ఆ కారు అక్క తప్ప ఎవురూ తోలలేరు. అదే మా అక్క ఖర్మ."

సెంట్రీ అయ్యో పాపం అన్నట్టు తలాడించాడు. హులిగమ్మ మాత్రం ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకుంది. ఏడ్చే మనిషి నోట కూడా బజారి మాటే వచ్చింది.

*

కొట్టం చూడ్డానికి బజారి కూడా వెంట వచ్చాడు. వేలిముద్రలు తీసే సైన్సు వాళ్ళు రేపు గానీ రారు, అంతదాకా కండ్లతో చూడు, చేత్తో కాదు అని దారిలోనే షరతు పెట్టాడు. 

రామన్న కొట్టంలో ఒకప్పుడు గుంట మగ్గాలు ఆడేవి. ఇప్పుడు గుంతలు పూడ్చేసి పైన బండలు పరిచారు. ఆ బండల మీద, ఎర్రగా, నేలకు అంటుకుపోయినంత పొట్టిగా ఆ కారు. బెంగళూరులో ఎవరో తోలి విడిచింది, డాక్టరమ్మ కోరి కొనుక్కుంది.

హులిగమ్మ తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి పెట్టింది. చేసినవాడు మనసు పెట్టి చేశాడు. పొట్టి మనిషికి కారు కుదర్చాలంటే ఎవరైనా ముందు సీటును ముందుకు జరుపుతారు. అలా జరిపితే కాళ్ళు అందుతాయి గానీ స్టీరింగు రొమ్ముకు గుచ్చుకుంటుంది. ఇతను అలా చేయలేదు. సీటు కింద చట్రం పెట్టి ఎత్తు పెంచాడు, అద్దంలోంచి రోడ్డు కనపడాలని. అందుకే ఎక్కడానికి ఆమెకు స్టూలు. స్టీరింగుకూ మనిషికీ మధ్య జానెడు ఎడం వదిలాడు. పెడళ్ళనే మనిషి దగ్గరికి తెచ్చాడు. మూడు పెడళ్ళకు మూడు చెక్కలు, నల్లరంగు వేసి, పైన రబ్బరు అంటించి. క్లచ్ చెక్క అన్నిటికన్నా మందం. మడమలు గాలిలో తేలకుండా కింద ఒక పలక. ఇంత ఆలోచన తన కోసం ఎవరైనా ఎప్పుడైనా చేశారా అని హులిగమ్మకు ఒక్క క్షణం అనిపించి, వెంటనే పోయింది.

"చూస్తివా?" అన్నాడు వెనక నుంచి బజారి. "ఇంగొకరు యాడ తోలతారు?"

"నువ్వు చెక్కల మీద కాలు పెట్టి చూస్తివి. చెక్కల వెనక చూస్తివా?"

"వెనకేముంది?"

"దీన్ని మెకానిక్కు దగ్గరికి తోలుకపోతారు గదా. వాడేం పొట్టోడు కాదే. వాడు టెస్టుకు తోలాలంటే ఎట్ల?"

బజారి చెక్కల వైపు వంగాడు. హులిగమ్మ తన చెయ్యి పెట్టలేదు. నీ కానిస్టేబులును పిలువు, ఫోనులో వీడియో తీస్తా ఉండు, వాణ్ణే విప్పమను, రేపు కోర్టులో నేనేదో చేసినానని నువ్వనకుండా ఉంటుంది అంది. కానిస్టేబుల్ వంగి క్లచ్ చెక్క వెనక తడిమాడు. స్పానరు అక్కర్లేకపోయింది. చేత్తో తిప్పే నట్లు. అవి తిరిగి ఊడాయి, చెక్క ఊడి వచ్చింది. తక్కినవీ అంతే. కింది పలక కూడా పైకి ఎత్తితే వచ్చేసింది.

"ఇప్పుడు కూర్చో నాయనా" అంది హులిగమ్మ.

కానిస్టేబుల్ మంచి పొడగరి. నడుము మడిచి లోపలికి దూరాడు. తల గుడ్డ పైకప్పుకు ఆనింది, మోకాళ్ళు కొంచెం ఎడం చేసుకోవలసి వచ్చింది. కానీ క్లచ్ తొక్కాడు, బ్రేకు తొక్కాడు. దూరం పోలేను గానీ నాలుగు మైళ్ళు తోలొచ్చు సార్ అన్నాడు అమాయకంగా. బజారి వాణ్ణి కొరకొరా చూశాడు.

"తోలొచ్చు అంటే తోలినట్టా? నిన్న ఎవురో ఇప్పినారని యాడుంది?"

హులిగమ్మ క్లచ్ చెక్కను వెనక్కి తిప్పమంది. పెడల్ ఇనుముకు ఆనుకుని ఉండే వైపు, నల్లరంగు మీద, బొటనవేలంత మేర ఒక మరక. పసుపు. దాని మధ్యలో ఎర్రగా కుంకుమ. ఇంకా రాలుతోంది.

బజారి నవ్వేశాడు. "దసరా అక్కా. ఈ పొద్దు ఈ సీమలో పసుపు అంటని వస్తువు యాడుంది? నా బూట్లకు గూడా దేవరగట్టు పసుపే."

"పూజకు పెట్టే బొట్టు కండ్లకు కనపడే చోట పెడతారు. చెక్కకూ ఇనుముకూ నడుమ పెట్టరు. చెక్క ఇప్పినాక అంటింది, అంటినాక మళ్ళా బిగించినారు. ఇంగా రాలతాంది, అంటే నిన్నటిది. డాక్టరమ్మ బొట్టు పెట్టుకునే మనిషి కాదు. చర్చికి పోయే మనిషి."

"మరి ఎట్ల అంటినట్టు?"

అది హులిగమ్మకూ తెలియదు. తెలియదని చెప్పబోతుంటే రామన్న వచ్చాడు.

రామన్న తలకు కట్టుంది, కట్టు మీద పసుపు. రాత్రి దేవరగట్టులో దెబ్బ తగిలితే కట్టు కట్టించింది సాక్షాత్తూ బజారే. కాబట్టి నిన్న సాయంత్రం రామన్న ఎక్కడున్నాడని అడిగే పనిలేదు. మధ్యాహ్నమే వీధి జనంతో లారీ ఎక్కాడు, పొద్దున దిగాడు. పైగా అతనికి సైకిలు తప్ప ఏదీ తోలడం రాదు. కారుకు ఈ చెక్కలన్నీ చేసింది మాత్రం అతనే. ఎట్లా బిగించావని హులిగమ్మ అడిగితే, స్పానరుతో గట్టిగా బిగించినానమ్మా, ఎవురూ ఇప్పలేరు అన్నాడు. ఊడదీసిన చెక్కలు కానిస్టేబుల్ చేతిలో ఉన్నాయని అతను ఇంకా చూడలేదు.

అబద్ధం ఎందుకు చెబుతున్నాడు? హులిగమ్మ ఆ ప్రశ్న అడగలేదు. మరక లేని బ్రేకు చెక్కను, ఇదెంత బరువుందో చూడు రామన్నా అన్నట్టు, కానిస్టేబుల్ చేతే అతనికి ఇప్పించింది.

రామన్న రెండు చేతులూ చాచి అందుకున్నాడు. అందుకుని, ఆలోచన లేకుండా, దాన్ని పైకెత్తి కండ్లకద్దుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

చెక్క దించేసరికి దాని వెనక పసుపు మరక. కట్టు మీది పసుపు. అదే చోట, అంతే మేర.

 బజారి ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

"కారు చెక్క గదా రామన్నా" అంది హులిగమ్మ మెల్లిగా. "కండ్లకెందుకు అద్దుకుంటివి?"

"కారుది కాదమ్మా. మా నాయన మగ్గందిది. తొక్కుడు కర్ర. మగ్గం పోయినాక పొయ్యిలోకి పెట్టను మనసు రాక, కోసి డాక్టరమ్మకు చేసిస్తిని. కాలు పెట్టేది గదా. కాలు పెట్టే ముందు కండ్లకద్దుకోకుంటే ఎట్ల..."

అప్పుడు కానిస్టేబుల్ చేతిలోని క్లచ్ చెక్కను చూశాడు. దాని మీది మరకను చూశాడు. తన చేతిలోని మరకను చూశాడు.  బండ మీద అట్లే కూలబడ్డాడు. పూడిపోయిన మగ్గం గుంత సరిగ్గా ఆ బండ కిందే ఉంది.

"నల్లరంగు వేసినాక ఇది మగ్గం కర్రని ఎవరికి తెలుసు?"

"డాక్టరమ్మకు తెలుసు. నాకు తెలుసు" అన్నాడు రామన్న. రెండు వేళ్ళు మడిచి, మూడోది మడవబోయి చెయ్యి ముడుచుకున్నాడు.

బజారి హులిగమ్మను బయటికి పిలిచాడు. వెటకారం పోయింది గానీ పట్టు పోలేదు. మరక కోర్టులో మాట్లాడదక్కా అన్నాడు. రెండో తాళం ఫలానా వాళ్ళ దగ్గరుందని డాక్టరమ్మ నోటితో చెప్పాల, చెప్తే నేను రిమాండు రిపోర్టు తిరగరాస్తా, చెప్పకుంటే మధ్యాహ్నం నా దారి నాది. అంతకన్నా దిగిరాడని ఆమెకు తెలుసు. అది న్యాయమే అని కూడా తెలుసు.

"వీరేష్ ఆ మలుపులో స్టాండేసి నిలబడినాడు అంటివి" అంది. "ఎవరి కోసమో ఎదురుచూస్తాండాడు. వీడియో పంపి నవ్వులపాలు చేసిన మనిషి కోసం చీకటి పడే వేళ ఒంటరిగా నిలబడతాడా? ఏదీ, ఆ వీడియో చూపించు."

"నా దగ్గర..."

"అందరి దగ్గరా ఉంది. నీ దగ్గరా ఉంటుంది. తీ."

బజారి తల పక్కకు తిప్పుకుని ఫోను తీశాడు. హులిగమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి చూసింది. పై నుంచి తీసిన వీడియో. కింద ఎర్ర కారు, దాని పక్కన స్టూలు, స్టూలు మీద కష్టపడి కాలు వేస్తున్న చిన్న మనిషి. స్టూలు తాడు జారిపోతే మళ్ళీ దిగి తీసుకుంది. అప్పుడు ఒక ఆడమనిషి నవ్వు, ఫోనుకు చాలా దగ్గరగా. బొమ్మ కదిలింది. కదిలినప్పుడు ఓ అంచున కిటికీ గట్టు, గట్టు మీద సుద్దతో చేసిన తెల్లటి పళ్ళ వరస ఒకటి కనపడి మాయమైంది.

ఎదురుగా మేడ మీద క్లినిక్కు కిటికీ. డాక్టరు కింద కారెక్కుతుంటే క్లినిక్కులో మిగిలేది ఎవరు?

ఆ నవ్వు రెండోసారి వినిపించినప్పుడు లోపల బండ మీద కూర్చున్న రామన్న తుండుగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాడు. స్పానరు మాట ఎవరిని కాపాడేందుకు అన్నాడో హులిగమ్మకు అర్థమైంది. తండ్రిని అడిగి చెప్పించవచ్చు. హులిగమ్మ ఆ పని చేయలేకపోయింది.

*

ఆదోని కోర్టు వరండాలో ఒక మూల బెంచీ మీద ప్రేమలత కూర్చుంది. పక్కనే పల్లవి, నుదుట పసుపు నడుమ కుంకుమ, చెక్క మీది మరక మాదిరే. ఎక్కడి నుంచి తెచ్చిందో, అట్టపెట్టె ఇక్కడ కూడా ఆ పాదాల కింద ఉంది. లోపల పిలుపు ఇంకా రాలేదు.

హులిగమ్మ వాళ్ళ ముందు నిలబడింది. వెనక కొంచెం ఎడంగా బజారి.

"డాక్టరమ్మా, ఆ వీడియో నువ్వు చూసినావా?"

ప్రేమలత తల అడ్డంగా ఊపింది. చూడలేదు. ఊరంతా చూసింది. రోగులు నోరు తెరుచుకుని కూర్చుని కండ్లతో నవ్వేవాళ్ళు. ఉందని తెలిసి కంప్లయింటు ఇచ్చింది గానీ, చూసే ధైర్యం ఆమెకు ఏ రోజూ రాలేదు.

"ఇప్పుడు చూడు."

"వద్దక్కా" అని పల్లవి చెయ్యి అడ్డం పెట్టింది. "ఎందుకు మేడమ్, పుండు మీద కారం."

"ఆ చెయ్యి తియ్" అన్నాడు బజారి.

ప్రేమలత ఫోను అందుకుంది. తనను తాను పై నుంచి చూసుకుంది, జీవితమంతా అందరూ ఎట్లా చూశారో అట్లా. స్టూలు, తాడు, జారడం. ముఖం మారలేదు. అంతకన్నా పెద్దవి భరించిన ముఖం అది. తర్వాత నవ్వు వినిపించింది.

ఆమె వీడియో ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విన్నది. ఇంకొకసారి విన్నది. ఆ నవ్వు ఎవరిదో హులిగమ్మకు ఊహ మాత్రమే. ఈమెకు ఊహతో పనిలేదు. ఊరు దాటాక పైకప్పు మడిచి గాలికి జుట్టు ఎగురుతుంటే రెండో సీట్లోంచి వినిపించే నవ్వు. వారమంతా ఆ నవ్వు కోసమే ఆదివారం దాకా బతికిన రోజులున్నాయి.

"పొద్దున వీళ్ళు నన్ను కూర్చోబెట్టి చూసినప్పుడు క్లచ్ మీద కాలు పెడితే చెక్క వేలంత కిందికి ఉంది" అంది ప్రేమలత, ఎవరినీ చూడకుండా. "ఎవరో ఇప్పినారని అప్పుడే తెలిసింది. కారు తోలడం నేర్చుకున్న పిల్ల, ఒకసారి దీన్ని తోలాలని ఆశపడిందేమో, పొరపాటున గుద్ది భయపడిందేమో అనుకున్నా. నాకేముంది, నేను పోతే ఏడ్చేవాళ్ళు లేరు. అందుకే..."

"తోలడానికి ఇప్పింది, సరే" అంది హులిగమ్మ. "భయపడిన మనిషి బండి వదిలేసి పారిపోతుంది. ఈ మనిషి కొట్టానికి తిరిగొచ్చి, మూడు చెక్కలూ, పలకా మళ్ళీ బిగించింది. ఎందుకు?"

  ఆ చెక్కలు బిగించి ఉన్నంతవరకే కదా ఆ కారు ప్రేమలత ఒక్కదానిది, నేరమూ ఆమెదే.

పల్లవి ఆమె వైపు వంగింది. చాలా చిన్న గొంతుతో, ప్రేమలతకు మాత్రమే వినపడాలన్నట్టు అంది.

"ఊరికే నవ్వులాటకు పంపినా అక్కా. వాడు ఊరికంతా పంపుతాడనుకోలేదు. పండగ కాంగానే నా పేరు సెప్తానన్యాడు. నీకు తెలిస్తే ఇంగ నన్ను ఆ సీట్లో కూర్చోనిస్తావా? నాకు మాత్రం ఎవురుండారు సెప్పు."

 ప్రేమలత అట్టపెట్టె మీది నుంచి రెండు పాదాలూ పైకి తీసుకుంది. కాళ్ళు మళ్ళీ గాలిలో వేలాడాయి. పెట్టె ఖాళీగా నేల మీద మిగిలింది.

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. బజారి ఒక అడుగు ముందుకు వేశాడు. ఈసారి అతని గొంతులో మర్యాద ఉంది.

"డాక్టరమ్మా. లోపలికి పోయేముందు ఒకే మాట. రెండో తాళం ఎవురి దగ్గరుండె?"

ప్రేమలత బెంచీ మీది నుంచి కిందికి దూకి నిలబడింది. అక్కడున్న అందరికన్నా పొట్టిగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.

"నా కారులో రెండో సీటు ఒక్క మనిషిదే సార్. తాళమూ ఆమె దగ్గరే ఉండేది" అంది.  "నిన్న నా సీట్లో కూర్చుని వీరేష్‌ను చంపింది కూడా ఆమే. పల్లవి."